మొండెం బొమ్మను సరిదిద్దిన వెసేలియస్

1538లో వెనిస్ నగరంలో ఆరు పెద్ద కాగితాల మీద మానవ దేహం బొమ్మలు అచ్చయ్యాయి. అస్థిపంజరాలున్న మూడింటిని కాల్కర్ అనే చిత్రకారుడు గీశాడు. కాలేయం, సిరలు, ధమనులు చూపే మిగతా మూడింటిని పాడువా విశ్వవిద్యాలయంలో శరీరశాస్త్రం బోధించే ఇరవై మూడేళ్ల యువకుడు స్వయంగా గీశారు. ఆయనే ఆండ్రియాస్ వెసేలియస్. ఆ బొమ్మల్లో కాలేయానికి ఐదు తమ్మెలు ఉన్నాయి. మనిషి కాలేయం అలా ఉండదు. కొన్ని జంతువులకు ఉంటుంది. అప్పటికే శవాలను స్వహస్తాలతో కోసి చూసిన మనిషి ఇలా ఎందుకు గీశారు? పదమూడు వందల ఏళ్లకు పూర్వం జాలీనూస్ అలా రాశాడు గనుక. యూరప్ వారు గాలెన్ అని పిలిచే ఈ గ్రీకు హకీం పేరు యునానీ వైద్యం ఎరిగిన మన కుటుంబాలకు కొత్త కాదు. కళ్లు ఒకటి చూస్తున్నా చేయి మాత్రం గ్రంథంలో ఉన్నదే గీసింది.

మన ఇళ్లల్లో బైపీసీ చదివే పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. రికార్డు పుస్తకంలో గుండె బొమ్మ గీయాలంటే ముందు సంవత్సరం చదివినవారి రికార్డు తెచ్చుకుంటారు. అందులో బాణం గుర్తు తప్పుగా ఉంటే ఆ తప్పు కూడా భద్రంగా తరువాతివారికి చేరుతుంది.

వెసేలియస్ 1514 డిసెంబర్ 31న బ్రస్సెల్స్‌లో జన్మించారు. వారిది తరతరాల వైద్యుల వంశం. తండ్రి చక్రవర్తి ఐదవ చార్లెస్ కొలువులో ఔషధాలు తయారు చేసేవారు. 1533లో చదువు కోసం ప్యారిస్ వెళ్లిన ఆయనకు సిల్వియస్ అనే గొప్ప ఉస్తాద్ దొరికారు. సిల్వియస్ దృష్టిలో జాలీనూస్ మాటకు తిరుగులేదు. ఆ రోజుల్లో పాఠం ఇలా సాగేది. ఆచార్యుడు ఎత్తయిన పీఠం మీద కూర్చుని గ్రంథం చదువుతాడు. కింద క్షురకుడు శవాన్ని కోస్తాడు. చదివే ఆచార్యుడు కిందికి చూడడు, కోసే క్షురకుడికి గ్రంథంలోని లాటిన్ భాష రాదు.

వెసేలియస్‌కు ఇది చాలలేదు. ప్యారిస్ శ్మశానంలో గుట్టలుగా పడి ఉన్న ఎముకలను గంటల తరబడి పరిశీలించేవారు. చివరికి కళ్లకు గంతలు కట్టుకుని, తడిమి చూసి ఏ ఎముకో చెప్పగలిగే స్థితికి వచ్చారు. 1536లో యుద్ధం రావడంతో లువేన్ తిరిగి వెళ్లారు. అక్కడ ఊరి వెలుపల ఉరికొయ్యకు వేలాడుతున్న ఒక దోషి అస్థిపంజరాన్ని ముక్కలు ముక్కలుగా రహస్యంగా ఇంటికి చేర్చారు. ఈ పనిని మేము మెచ్చుకోలేము. మయ్యిత్‌కు ఇవ్వవలసిన గౌరవం దోషికైనా ఇవ్వవలసిందే. అయితే తెలుసుకోవాలన్న తపన ఆయనను ఎంతదాకా తీసుకుపోయిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

1537లో వెలువడిన ఆయన మొదటి గ్రంథం విషయం మన పాఠకులకు సంతోషం కలిగిస్తుంది. అది అబూబక్ర్ రాజీ రచించిన కితాబుల్ మన్సూరీలోని తొమ్మిదవ భాగానికి లాటిన్ పునర్రచన. తల మొదలు పాదాల వరకు వ్యాధులకు చికిత్స చెప్పే ఆ భాగాన్ని యూరప్ విశ్వవిద్యాలయాలు శతాబ్దాల పాటు పాఠ్యంగా బోధించాయి. అదే సంవత్సరం డిసెంబరులో పాడువాలో డాక్టర్ పట్టా పొందారు. మరునాడే అక్కడ ఆచార్యునిగా నియమితులయ్యారు. పీఠం దిగి వచ్చి కత్తి తానే పట్టుకోవడం ఆయన బోధనలోని విశేషం. విద్యార్థులకు తేలికగా అర్థం కావాలని బొమ్మలు గీసి చూపేవారు. పైన చెప్పిన ఆరు కాగితాలు అలా వచ్చినవే.

1539లో పాడువా న్యాయమూర్తి ఒకరు మరణశిక్ష పడినవారి దేహాలను ఆయనకు అందేటట్లు చేశారు. చూసే అవకాశం పెరిగిన కొద్దీ అనుమానం కూడా పెరిగింది. 1540లో బొలోన్యా నగరంలో కోతి అస్థిపంజరాన్ని, మనిషి అస్థిపంజరాన్ని పక్కపక్కన నిలబెట్టి అందరికీ చూపించారు. జాలీనూస్ వర్ణించిన వెన్నుపూస వివరం కోతిలో ఉంది, మనిషిలో లేదు. రోమన్ల కాలంలో మనిషి శవాన్ని కోయడానికి అనుమతి ఉండేది కాదు. అందుకని జాలీనూస్ కోతులను, పందులను కోసి చూసి మనిషి గురించి రాశాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రాతలను పరీక్షించకుండా నెత్తిన పెట్టుకున్నవారిదే లోపమని మా అభిప్రాయం.

ఈ లోపాన్ని అంతకు ముందే గుర్తించినవారు మనలో ఉన్నారు. 1200 నుంచి 1202 వరకు ఈజిప్టును పీడించిన కరువులో అసంఖ్యాకులు మరణించారు. అప్పుడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ రెండు వేలకు పైగా తలల ఎముకలు పరిశీలించి, కింది దవడ రెండు ఎముకలు కాదు, ఒకటే అని తేల్చారు. జాలీనూస్ రెండని రాశాడు. కానీ బగ్దాదీ దాన్ని బొమ్మగా గీయలేదు. ఆయన గ్రంథం యూరప్‌కు చాలా ఆలస్యంగా చేరింది. పద్నాలుగవ శతాబ్దం చివర షీరాజ్‌కు చెందిన మన్సూర్ ఇబ్నె ఇల్యాస్ తన ఫార్సీ గ్రంథంలో నిలువెత్తు దేహం బొమ్మలు రంగుల్లో వేయించారు. అవి గుర్తుంచుకోవడానికి పనికివచ్చే పటాలే గాని దేహానికి అసలైన పోలికలు కావు. ఒకరు చూశారు, గీయలేదు. మరొకరి గ్రంథంలో బొమ్మ ఉంది, పోలిక లేదు. ఈ రెండూ ఒక్కచోట కలిసింది పాడువాలోనే.

మొండెం గీయడం చెయ్యి కాలు గీయడం వంటిది కాదు. పైకి కనిపించే ఆకారానికి లోపల పొరలు పొరలుగా కండరాలు, వాటి వెనుక పక్కటెముకల పంజరం, అందులో అవయవాలు. పైపొర తీస్తే గాని కిందిది కనిపించదు. తీసిన పొర మళ్లీ దొరకదు. శవం నిలువ ఉండదు గనుక పని చలికాలంలోనే, అదీ త్వరగా జరగాలి. దేహాన్ని తాడుతో నిలబెట్టి, ఒక్కొక్క పొర తీస్తూ, పక్కన చిత్రకారులను కూర్చోబెట్టి గీయించారు. ఒక బొమ్మలో ఆ తాడు కూడా కనిపిస్తుంది. చిత్రకారుల చిరాకు భరించలేక తాను ఎంత విసిగిపోయారో తరువాత ఆయనే రాసుకున్నారు. కడుపులోని అవయవాలను చూపే బొమ్మల్లో మొండేన్ని ప్రాచీన కాలపు విరిగిన పాలరాతి విగ్రహంలా గీయించారు. చూసేవారికి జుగుప్స కలగకూడదన్న ఉద్దేశం కావచ్చు.

వెనిస్‌లో చెక్కిన అచ్చు దిమ్మెలను ఆల్ప్స్ పర్వతాలు దాటించి బాసెల్ నగరానికి పంపారు. 1543లో ఒపొరినస్ ముద్రణాలయం నుంచి ‘ఫాబ్రికా’ వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిది. రొమ్ము ఎముకకు జాలీనూస్ చెప్పిన ఏడు భాగాల స్థానంలో మూడు వచ్చాయి. కాలేయం ఐదు తమ్మెలు వదిలి మనిషి కాలేయమైంది. ఒక కండరాల బొమ్మలో మాత్రం పొట్ట మీది నిలువు కండరం మనిషిలో లేనంత ఎత్తుకు, రొమ్ము పైదాకా సాగి ఉంటుంది. జాలీనూస్ జంతువులలో చూసినది ఇదీ అని వివరించడానికి కావాలనే అలా చూపారు, ఆ సంగతి అక్కడే రాశారు. నిజాయితీ అంటే మాకు ఈ చిన్న వివరమే గుర్తుకు వస్తుంది.

గుండె విషయంలో మాత్రం తడబాటు మిగిలింది. కుడి గదికీ ఎడమ గదికీ మధ్య గోడలో కనిపించని రంధ్రాల ద్వారా రక్తం పోతుందన్న జాలీనూస్ మాటకు 1543లో ఆశ్చర్యపడి ఊరుకున్నారు. 1555లో వచ్చిన రెండవ ముద్రణలో గాని సందేహం బాహాటంగా వెలిబుచ్చలేదు. 1288లో మరణించిన ఇబ్నె నఫీస్ ఆ రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల గుండా పోతుందని ఎప్పుడో రాసి ఉన్నారు. ఆ రాతప్రతి 1924లో గాని బెర్లిన్ గ్రంథాలయంలో వెలుగు చూడలేదు.

బయటివారి విమర్శ కన్నా సొంత ఉస్తాద్ మాటే ఎక్కువ బాధిస్తుంది. సిల్వియస్ శిష్యుణ్ణి పిచ్చివాడని దూషిస్తూ 1551లో ఒక పుస్తకమే రాశారు. జాలీనూస్ తప్పలేదట, ఆయన కాలం తరువాత మనుషుల దేహాలే మారిపోయాయట! విమర్శలు మొదలైన రోజుల్లోనే మనస్సు విరిగి వెసేలియస్ తన రాతప్రతులు ఎన్నో తగులబెట్టారు. రాజీ గ్రంథం పది భాగాల మీద చేసిన కృషి కూడా అందులో బూడిదైంది. చక్రవర్తి కొలువులో, తరువాత ఆయన కుమారుడు రెండవ ఫిలిప్ కొలువులో వైద్యునిగా కాలం గడిపారు. అధ్యాపకత్వం అంతటితో ముగిసింది.

1564లో బైతుల్ మఖ్దిస్ యాత్రకు బయలుదేరారు. ఆ నగరం అప్పుడు ఉస్మానియా సుల్తాన్ సులేమాన్ పాలనలో ఉంది. తిరుగు ప్రయాణంలో గ్రీసు దగ్గరి జకింథోస్ ద్వీపంలో, యాభై ఏళ్లు నిండకముందే మరణించారు. ఆయన చెక్కించిన దిమ్మెలు మాత్రం చాలా కాలం నిలిచాయి. 1930 దశకంలో జర్మనీలోని మ్యూనిక్‌లో వాటితోనే మళ్లీ బొమ్మలు అచ్చువేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ నగరం మీద పడిన బాంబులకు అవి కాలిపోయాయి.