బోదకాలు మాత్ర వెనుక తెలుగు మేధ
పలు శాస్త్రాలను ఒక్కతాటిపైకి తెచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం: బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించే కార్యక్రమం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు కొత్త కాదు. 2004లో సామూహిక మందుల పంపిణీ మొదలైన తరువాత ఆరోగ్య సిబ్బంది గుమ్మం వద్దకు తెచ్చి ఇచ్చిన ఆ మాత్ర డీఈసీ. డైఇథైల్ కార్బమజైన్ అనే దాని పూర్తి పేరు చాలామందికి తెలియదు. దానిని లోకానికి అందించిన పరిశోధక బృందానికి సారథ్యం వహించినది ఒక తెలుగువాడన్న సంగతి తెలిసినవారు అంతకంటే తక్కువ. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఒక్క శాస్త్రానికి లొంగని వ్యాధులను పలు శాస్త్రాలు కలిసి ఎలా లొంగదీశాయో ఆయన జీవితం తెలియజేస్తుంది. ఉద్దానం కిడ్నీ వ్యాధికి మూలం తెలియక సతమతమవుతున్న ఈ ప్రాంతవాసులకు ఆ జీవితం నేటికీ ఆలోచింపదగినదే.

కష్టాల నడుమ చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలో చదువుకున్నా మెట్రిక్యులేషన్ మాత్రం మూడో ప్రయత్నంలో మద్రాసులో పూర్తిచేశారు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్ల ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా పూర్తిస్థాయి పట్టాకు బదులు ఎల్ఎంఎస్‌తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. తిన్న ఆహారాన్ని ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆయనకూ అదే వ్యాధి సోకగా ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

మామగారి అండతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను 1922లో అమెరికా చేరారు. బోస్టన్‌లో ఆస్పత్రిలో చిన్నపాటి పనులు చేసుకుంటూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువు ముగించారు. భార్య శేషగిరిని ఇక్కడే విడిచి వెళ్లిన ఆయన మరల స్వదేశానికి రానేలేదు.

నీలిరంగు చెప్పిన రహస్యం

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీర ద్రవాలలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాకు మాలిబ్డేట్ అనే రసాయనం, మరికొన్ని పదార్థాలు చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కనవుతుంది. ఆ చిక్కదనాన్ని కలరీమీటర్ అనే పరికరంతో పోల్చి లెక్కకడతారు. కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది. దానిని కొలిచేందుకు ఈ పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలకు ఆధారమైంది.

కండరాల నుంచి తీసిన నమూనాలో మాత్రం రంగు ఒక్కసారిగా రాక, క్రమంగా పెరుగుతూ వచ్చింది. పొరపాటని వదిలివేయకుండా కారణం వెతికారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వెలుగుచూశాయి. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం వైపు ఇవి దారి చూపాయి. కొలిచే సాధనం మెరుగుపడితే కొత్త విషయం ఎలా బయటపడుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఒక్కచోట చేరిన నిపుణులు

హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కక 1940లో న్యూయార్క్ సమీపంలోని లెడర్లే ప్రయోగశాలలకు మారారు. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, వృక్ష శాస్త్రజ్ఞులు, పరాన్నజీవుల నిపుణులు అక్కడ ఆయన సారథ్యంలో పనిచేశారు. ఫోలిక్ ఆమ్లం తయారీని 1945లో ప్రకటించిన వ్యాసంపై సుబ్బారావుతో కలిపి 16 మంది పేర్లున్నాయి. రక్తహీనతకే గాక, ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు కూడా ఆ విటమిన్ ఉపయోగపడింది.

అదే విటమిన్ రూపాన్ని కొద్దిగా మార్చి, దాని పనికి అడ్డుపడే మందులను ఆ బృందం తయారుచేసింది. వాటిని బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించారు. రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుతున్నారు. పదవీ విరమణ చేసిన వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ మట్టి నమూనాలలో వెతికి ఆరియోమైసిన్‌ను కనుగొన్నది కూడా ఆ ప్రయోగశాలలోనే.

ఎలుకల నుంచి మన ఇంటి గుమ్మానికి

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దాంతో మందు కోసం అన్వేషణ మొదలైంది. రసాయన శాస్త్రజ్ఞులు కొత్త పదార్థాలు తయారుచేయగా, పరాన్నజీవుల నిపుణులు వాటిని పురుగు సోకిన ఎలుకలపై, కుక్కలపై పరీక్షించారు. తరువాత వైద్యులు రోగులకు ఇచ్చి చూశారు. ఈ ముగ్గురి కృషితో 1947లో డీఈసీ వెలువడింది. రక్తంలో తిరిగే పురుగు పిల్లలను అది నిర్మూలిస్తుంది. పెద్ద పురుగులపై పూర్తిగా పనిచేయనందున ఏటా తీసుకోవలసి వస్తుంది. ఇప్పటికే వాచిన కాలును అది మామూలు స్థితికి తేలేదు. దోమల ద్వారా వ్యాధి మరొకరికి చేరకుండా మాత్రం అడ్డుకట్ట వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిని కూడా మింగమని కోరేది అందుకే.

సుబ్బారావు 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసుకే కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఉద్దానానికి అందే పాఠం

కవిటి, సోంపేట, కంచిలి తదితర మండలాల్లో ఎన్నో కుటుంబాలను కిడ్నీ వ్యాధి కుంగదీసింది. భూగర్భ జలాల్లో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశపారంపర్య లక్షణాలు... ఇలా ఎన్నో కోణాల్లో అధ్యయనాలు సాగినా కారణం ఇదేనని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. భవనం, పరికరాలు ఉంటే సగం పనే అయినట్లు. నీటిని పరీక్షించేవారు, నేలను చదివేవారు, రక్తాన్ని పరిశీలించేవారు, రోగి గోడు వినేవారు ఒక్కచోట కూర్చుని ఒకరి లెక్కను మరొకరు సరిచూసుకోవాలి. బోదకాలుకు మందు దొరికినది ఆ విధంగానే. ఉద్దానం ఎదురుచూస్తున్నది కూడా అటువంటి ఉమ్మడి కృషి కోసమే.