వ్రాసిన చేయి – షోయబుల్లా ఖాన్ జీవితము

చదువవలసిన భాగము: యిర్మీయా 36వ అధ్యాయము



చలికాలమున యూదా రాజైన యెహోయాకీము కుంపటి యెదుట కూర్చుండి యుండగా, యిర్మీయా ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను తెచ్చి ఆయన యెదుట చదివిరి. కొంత చదువగానే రాజు ఆ భాగమును చాకుతో కోసి నిప్పులలో వేయుచు వచ్చెను. తుదకు చుట్ట అంతయు బూడిదయ్యెను. రాజు తన బాధ తీరెననుకొనెను. అయితే బారూకు మరియొక చుట్ట తీసికొని, కాలిన మాటలన్నియు మరల వ్రాసెను. మొదట లేని మాటలు కూడ దానిలో చేరెను.

వ్రాతను కాల్చు రాజులు, వ్రాసినవానిని కొట్టు మనుష్యులు అన్ని కాలములలోను ఉన్నారు. మన తెలంగాణలోనే అట్టివారి చేతిలో ప్రాణము విడిచిన ఒక పత్రికా సంపాదకుని జీవితమును ఈ నెల చెప్పుకొందము. ఆయన ముస్లిము. మన సంఘములలో ఆయన పేరు తరచుగా వినబడదు. అయినను ధూళిమిట్ట చుట్టుపట్ల నివసించు మనకు ఆయన కథతో దగ్గర సంబంధము కలదు. అది ఎట్టిదో ముందుకు తెలియును.

బాల్యము, చదువు

షోయబుల్లా ఖాన్ 1920వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన మానుకోట, అనగా నేటి మహబూబాబాదు, ప్రాంతములోని సుబ్రవేడు గ్రామమున పుట్టెను. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కుమారుని ముఖములో గాంధీగారి పోలిక కలదని తండ్రి సంతోషించి, ముద్దుగా అతనిని గాంధీ అని పిలుచుచుండెనని చెప్పుదురు. నిజాము రాజ్యములో పోలీసు ఉద్యోగి యింట ఆ పేరు వినబడుట చిన్న సంగతి కాదు.

ఆ బాలుడు పెరిగి ఉస్మానియా విశ్వవిద్యాలయములో బి.ఏ. పట్టా పొందెను. ఉర్దూ భాష ఆయనకు చక్కగా వచ్చును. ఆ దినములలో ఉర్దూ వచ్చిన పట్టభద్రునికి సర్కారు కొలువు దొరకుట కష్టము కాదు. కొలువు దొరికినచో ఇంటిల్లిపాదియు సుఖముగా బ్రతుకవచ్చును. ఆయన ఆ దారిన పోలేదు. కొద్ది జీతము, ఎక్కువ భయము గల పత్రికా వృత్తిని ఎంచుకొనెను.

మూడు పత్రికలు

మొదట తేజ్ అను ఉర్దూ వారపత్రికలో పని చేసెను. నిజాము ప్రభుత్వము దానిని నిషేధించెను. తరువాత మందుముల నరసింగరావుగారు నడుపుచున్న రయ్యత్ దినపత్రికలో చేరెను. ప్రభుత్వము దానిని కూడ మూయించెను. రెండు తలుపులు మూసికొనిపోయిన పిమ్మట ఆయన తానే ఒక తలుపు తెరచెను. 1947 నవంబరులో ఇమ్రోజ్ అను దినపత్రికను స్థాపించెను. ఇమ్రోజ్ అనగా నేడు అని అర్థము. ఇంటి స్త్రీల నగలు అమ్మి ఆ పత్రికకు పెట్టుబడి పెట్టెనని చెప్పుదురు. తరువాత హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారు ఆయనకు తోడుగా నిలిచిరి.

ఆనాటి పరిస్థితి ఎట్టిదో పెద్దలకు చెప్పనక్కరలేదు, గాని పిల్లలకు చెప్పవలెను. 1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాత్రము తన రాజ్యమును భారత దేశములో కలుపుటకు ఒప్పుకొనలేదు. లాతూరు న్యాయవాదియైన ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు అను సాయుధ దండు బలిసెను. వారు పల్లెలమీద పడి ధాన్యమును, పశువులను దోచుకొనిరి. ఇండ్లు తగులబెట్టిరి. ఎదిరించినవారిని చంపిరి.

ఇమ్రోజ్ ఈ సంగతులను దాచలేదు. పగలు ఒక ప్రభుత్వము, రాత్రి మరియొక ప్రభుత్వము ప్రజలను ఏలుచున్నవని షోయబుల్లా వ్రాసెను. హైదరాబాదు రాజ్యము భారత దేశములో కలియుటయే అందరికి మేలని వ్రాసెను. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిము పెద్దలు రజాకారులను రద్దు చేయవలెనని, భారత దేశముతో కలియవలెనని నిజామును కోరుచు ఒక ప్రకటన చేసిరి. దానిని ఇమ్రోజ్ అచ్చు వేసెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. పరాయివారి తప్పును వ్రాయుటకు పెద్ద ధైర్యము అక్కరలేదు, తనవారందరు మెచ్చుకొందురు. షోయబుల్లా తన మతస్థుల పేరు చెప్పుకొని చంపుచున్నవారి పనులను వ్రాసెను. అందుచేత ద్రోహియను పేరు మోసెను. బెదిరింపు ఉత్తరములు వచ్చెను. ఆయన వాటిని ప్రక్కకు పెట్టి మరుసటి దినపు పత్రిక పనిలో పడెను.

ఆ రాత్రి

ఆగస్టు 19న హైదరాబాదు నగరములోని జమరూద్ మహలులో రజ్వీ సభ జరిగెను. తమకు విరోధముగా లేచు చేతులను నరకవలసినదని ఆయన అచ్చట పలికెను. మూడు దినములు కూడ గడువలేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటిన తరువాత షోయబుల్లా కార్యాలయములో పని ముగించి, తన బావమరది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ ప్రాంతములో ఇంటికి నడచుచుండెను. దుండగులు వెనుకనుండి వచ్చి తుపాకితో కాల్చిరి. పడిపోయినవానిని విడిచిపెట్టక, వ్రాసిన చేతిని కత్తితో నరికిరి. అడ్డుపోయిన ఇస్మాయిల్ ఖాన్ చేతిని కూడ నరికిరి, అతడు బ్రతికెను. షోయబుల్లా 22వ తేదీ తెల్లవారుజామున ప్రాణము విడిచెను. అప్పటికి ఆయనకు ఇరువది యెనిమిది యేండ్లు నిండలేదు.

ప్రాణము తీయుటయే వారి కోరికయైతే తూటా చాలును. చేయి నరకుట వ్రాయగోరు ఇతరులకు చేసిన హెచ్చరిక. యెహోయాకీము చాకును కాగితము మీద పెట్టెను. వీరు మనుష్యుని మీద పెట్టిరి.

ఐదు దినముల తరువాత

షోయబుల్లా మరణించిన ఐదు దినములకు, 1948 ఆగస్టు 27న, నేటి సిద్దిపేట జిల్లా ధూళిమిట్ట మండలములోని బైరాన్‌పల్లి రక్తములో మునిగెను. అంతకు ముందు లింగాపురము, ధూళిమిట్ట గ్రామములను దోచుకొని పోవుచున్న రజాకారులను బైరాన్‌పల్లి యువకులు అడ్డగించి సొమ్ము విడిపించిరని పెద్దలు చెప్పుదురు. గ్రామస్థులు ఊరి నడుమనున్న బురుజు మీద కావలి పెట్టుకొని, నాటు తుపాకులతోను వడిసెలలతోను పలుమారు దాడులను త్రిప్పికొట్టిరి. దానికి పగతీర్చుకొనుటకు రజాకారులు నిజాము పోలీసులను, సైనికులను వెంటబెట్టుకొని, ఆ దినము తెల్లవారక మునుపే ఊరిని చుట్టుముట్టిరి. ఫిరంగి దెబ్బకు బురుజు లొంగెను. మగవారిని వరుసగా నిలువబెట్టి కాల్చిరి. స్త్రీలను చెరిచిరి. చనిపోయినవారు తొంబది మందికి పైగా అని కొందరు, 118 మంది అని కొందరు లెక్క చెప్పుదురు. పొరుగుననున్న కూటిగల్లులోను అదే దినమున అనేకులు చంపబడిరి.

ఆ వార్తను వ్రాయవలసిన చేయి అప్పటికే మట్టిలో కలిసియుండెను. వ్రాయువానిని ముందు చంపుదురు, ఊరిని తరువాత చంపుదురు. ఆ యాగస్టు నెల మనకు నేర్పిన పాఠము ఇదే. పత్రికల గొడవ పట్టణము వారిదని పల్లెవాసులు అనుకొనరాదు.

రెండవ మౌనము

సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. రజాకారుల పీడ తొలగెను. అయితే కథ అచ్చట ముగియలేదు. సైన్యము వచ్చిన దినములలోను, తరువాతి వారములలోను, రజాకారులతో ఏ సంబంధమును లేని ముస్లిములు వేలమంది పగకు బలియైరి. ప్రధానమంత్రి నెహ్రూగారు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీగారలను పంపగా, వారు 1948 నవంబరు 29 మొదలు డిసెంబరు 21 వరకు జిల్లాలలో తిరిగి విచారించిరి. రాజ్యమంతటిలో తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది చనిపోయిరని వారు అంచనా వేసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము ఎక్కువ. తమ ప్రాణములకు తెగించి ముస్లిము పొరుగువారిని కాపాడిన హిందువులను గూర్చియు ఆ నివేదిక చెప్పెను.

ప్రభుత్వము ఆ నివేదికను అచ్చు వేయలేదు. దశాబ్దములు గడచిన తరువాత, 2013 నాటికి గాని అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయములో చదువరులకు అందుబాటులోనికి రాలేదు. పాత గాయములు రేగునని చెప్పి దాచిరి. కాని తండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకు ఆ గాయము ప్రతి దినము తెలియుచునే యుండెను. తెలియనిది ఇతరులకు మాత్రమే.

షోయబుల్లాను మనము నిజముగా గౌరవించువారమైతే ఇక్కడనే మనకు పరీక్ష. రజాకారులు చేసిన హత్యలను వ్రాసిన ముస్లిమును వీరుడని పొగడి, సెప్టెంబరు హత్యలను వ్రాయు హిందువును గాని ముస్లిమును గాని ద్రోహియని తిట్టినచో, మనము షోయబుల్లా పక్షమున నిలువలేదు. ఆయనను ద్రోహియన్నవారి ప్రక్కన నిలిచితిమి. బైరాన్‌పల్లి బురుజు క్రింద పడినవారి రక్తము, బీదరు పల్లెలలో పడినవారి రక్తము ఒకే రంగు గలవి. హేబెలు రక్తము నేలనుండి మొరపెట్టినప్పుడు దేవుడు అతని కులమేమని అడుగలేదు. నీ సహోదరుడెక్కడ అని కయీనును అడిగెను.

లోకములో ఇతర దేశములలోను ఇట్లే జరుగుచున్నది. తుర్కీ దేశమున హ్రాంట్ డింక్ అను ఆర్మేనీయ సంపాదకుడు, 1915లో ఆర్మేనీయులను మూకుమ్మడిగా చంపిన సంగతిని తుర్కులు ఎరుగవలెనని వ్రాయుచు వచ్చెను. తుర్కు జాతిని అవమానించెనని న్యాయస్థానము ఆయనకు శిక్ష విధించెను. 2007 జనవరి 19న ఇస్తాంబులులో తన పత్రికా కార్యాలయము వాకిటనే ఆయన కాల్చి చంపబడెను. అయితే ఆ హత్యలు జరుగలేదనువారిని శిక్షించు చట్టము ఫ్రాన్సులో తేబోయినప్పుడు దానిని కూడ ఆయన వ్యతిరేకించియుండెను. తన పక్షమునకు అనుకూలమైనను, నోరు మూయించు చట్టమును ఆయన కోరలేదు.

మన వంతు

మన రాజ్యాంగము 19వ అధికరణములో ప్రతి పౌరునికి మాటలాడు స్వేచ్ఛను ఇచ్చినది. రజ్వీ పలికినదియు మాటయే కదా అని కొందరు అడుగవచ్చును. జరిగిన చంపుడును సాక్ష్యముతో చెప్పుట వేరు, చంపుడని జనులను రేపుట వేరు. మొదటిది పొరుగువానిని బ్రతికించును, రెండవది చంపును. ఒకడు వ్రాసినదానిలో తప్పున్న యెడల దానికి జవాబు మరియొక వ్రాత. తొంబది అనువాడును 118 అనువాడును ఇద్దరును మాటలాడవలెను. అప్పుడే పేర్లు లెక్కించి నిజము తేల్చగలము.

పరిశుద్ధ గ్రంథమును చూడుడి. దావీదు ఊరియాను చంపించిన సంగతి దానిలో దాచబడలేదు. బెన్యామీనీయులతో సహోదర గోత్రములు చేసిన ఘోర యుద్ధము దాచబడలేదు. తన వారి తప్పులను తానే వ్రాసి పెట్టుకొనిన ప్రజల గ్రంథమును మనము ప్రతి ఆదివారము చదువుచున్నాము. అట్టి మనకు మన నేల మీద జరిగినదానిని విని ఓర్చుకొనుట చేతకాకపోవునా?

1948లో పదేండ్ల పిల్లలైనవారు ఇప్పుడు తొంబదికి చేరువైనారు. వారు వెళ్లిపోయిన తరువాత అడుగుటకు ఎవరును మిగులరు. సంఘములోని యువకులు వారియొద్దకు వెళ్లవలెను. బైరాన్‌పల్లివారి యొద్దకును వెళ్లవలెను, ఊరిలోని ముస్లిము ముదుసలుల యొద్దకును వెళ్లవలెను. వారు చెప్పినది చెప్పినట్లు, ఊరు, పేరు, తేదీతో ఒక పుస్తకములో వ్రాయవలెను. ఎవరి మాటయు కొట్టివేయరాదు, ఎవరి పేరును చెరిపివేయరాదు.

షోయబుల్లా చేయి నరకబడెను గాని ఆయన వ్రాసినది నిలిచెను. కాలిన చుట్టను బారూకు మరల వ్రాసినట్లు, ఆయన వ్రాయలేక విడిచిన పుటలను వ్రాయుట మన వంతు.