సభలో సామాన్యుని చెవి: కల్కి కృష్ణమూర్తి

కీర్తన భగవంతుని చేరుటకు భాష అడ్డు కాదు. కాని సభలో కూర్చున్న శ్రోతను అది చేరవలెనన్న సాహిత్యము అతనికి తెలియవలదా? చెన్నపట్టణపు సంగీత సభలలో ఈ ప్రశ్నను పదే పదే లేవనెత్తి, పండితుల కోపమునకును సామాన్యుల ప్రేమకును పాత్రులైన రచయిత కల్కి కృష్ణమూర్తిగారు. పొన్నియిన్ సెల్వన్ వంటి చారిత్రక నవలల కర్తగా వారి పేరు వినినవారు పెక్కురు. సంగీత నృత్య విమర్శకులుగా వారు చేసిన కృషి మాత్రము తెలుగు పాఠకులకు అంతగా పరిచితము కాదు.

వారు 1899వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన తంజావూరు జిల్లాలో, మాయవరము ప్రాంతమునగల పుత్తమంగళమను గ్రామమున జన్మించిరి. తండ్రి రామస్వామి అయ్యరుగారు గ్రామ కరణము. ఆ సీమ పాటకు పుట్టినిల్లు. రామాయణ కథను తమిళమున రామనాటక కీర్తనలుగా రచించిన అరుణాచల కవి నివసించిన శీర్కాళి అచ్చటిదే. నందనార్ చరిత్రమును కీర్తనలుగా కూర్చిన గోపాలకృష్ణ భారతియు ఆ ప్రాంతమువాడే. త్యాగరాజస్వామి తెలుగున రాముని గానము చేసిన తిరువయ్యారును అదే జిల్లాలో కావేరి ఒడ్డున నున్నది. నాయకరాజుల కాలమున తంజావూరు ఆస్థానములో తెలుగు సాహిత్యభాషగా వెలసెను. పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువులును దానిని ఆదరించిరి. ఆ విధముగా తమిళదేశపు నడుబొడ్డున తెలుగు కీర్తన వేరూనెను. తరువాతి కాలపు వివాదమునకు బీజము ఇచ్చటనే కలదు.

గాంధీమహాత్ముని పిలుపు విని కృష్ణమూర్తిగారు 1921లో తిరుచిరాపల్లిలో ఉన్నత పాఠశాల చదువును విడిచిరి. 1922లో కారాగారమున కేగిరి. విడుదలైన పిమ్మట 1923లో తిరు.వి. కల్యాణసుందర మొదలియారుగారి నవశక్తి పత్రికలో చేరి పత్రికావృత్తి నేర్చిరి. కల్కి యను కలము పేరు గురువుగారి పేరులోని తొలి అక్షరములను తన పేరులోని తొలి అక్షరముతో జోడించినదని కొందరందురు. పాతను తొలగించి కొత్తను నిలుపు దశమావతారమును తలచి పెట్టుకొనినదని మరికొందరందురు. రెండవది వారి కలము వాడికి చక్కగా తగినది. కొంతకాలము రాజాజీగారి తిరుచ్చెంగోడు ఆశ్రమమునందుండి, మద్యనిషేధ ప్రచారమునకై నడిచిన విమోచనము పత్రికలో పనిచేసిరి.

ఆపై ఎస్.ఎస్. వాసన్‌గారి ఆనందవికటన్ వార పత్రికకు సంపాదకులైరి. అందు ఆడల్ పాడల్ అను శీర్షికన, కర్ణాటకం అను మారుపేరుతో కచ్చేరీలపై విమర్శలు వ్రాసిరి. ఆ పేరులో ఒక చమత్కారము కలదు. తమిళుల వాడుకలో కర్ణాటకమనగా సంగీత సంప్రదాయము మాత్రమే కాదు, కాలమునకు తగని పాతకాలపు మనిషి యనియు అర్థము. తన్ను తానే పరిహసించుకొని ఇతరులను పరిహసించువానిపై కోపగించుట ఎవరికైనను కష్టమే.

నాటి చెన్నపట్టణపు స్థితి తెలిసిననే ఆ రచనల విలువ తెలియును. అంతకు పూర్వము సంగీతము దేవాలయ ఉత్సవములందును, జమీందారుల కొలువులందును, పెండ్లి పందిళ్లలోను వినబడెడిది. పట్టణమున సభలు వెలసిన పిమ్మట టిక్కెట్టు కొని వచ్చు శ్రోత యను కొత్త పోషకుడు పుట్టెను. 1927లో చెన్నపట్టణమున కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమ్మేళనము ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడెను. క్రమముగా డిసెంబరు మాసము సంగీత ఋతువుగా రూపొందెను. పోషకుడైన రాజు తనకు నచ్చనిదానిని ముఖముననే చెప్పగలడు. నాలుగణాలిచ్చి వెనుక వరుసలో కూర్చున్న గుమాస్తా పక్షమున ఎవరు చెప్పవలెను? ఆంగ్ల పత్రికలలో విద్వద్విమర్శలు వచ్చుచుండెను గాని అవి ఆంగ్లము చదివినవారికే. కల్కిగారు ఇంటింటి తమిళమున వ్రాసిరి. శాస్త్ర పరిభాషతో పాఠకుని బెదరింపక, పాట మనసునకు తాకినదా లేదా యని విచారించిరి. సాహిత్యమును నమలి మ్రింగు గాయకులు వారి హాస్యమునకు గురియైరి.

నృత్యము విషయమున వారి ధైర్యము ఇంకను మెచ్చదగినది. దేవదాసీల నాట్యమును సంఘము చీదరించుకొనుచున్న దినములవి. న్యాయవాది ఇ. కృష్ణయ్యరుగారు, అకాడమీవారు ఆ కళను వేదికపై నిలుపుటకు పూనుకొనగా, ఆదరించి వ్రాసిన పత్రికా రచయితలలో కల్కిగారు ఒకరు.

1941లో వారు, మిత్రులు టి. సదాశివంగారు కలిసి కల్కి యను పత్రికను స్థాపించిరి. సదాశివంగారి ధర్మపత్ని ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు సావిత్రి చలనచిత్రమున నారదుని వేషము ధరించి పొందిన పారితోషికమే దానికి మూలధనమయ్యెను. నారద గానము ఒక పత్రికకు ఊపిరి పోసినదన్నమాట! విమర్శకుడు గాయని కుటుంబమునకు అంతటి ఆప్తుడగుట తగునా యని శంకించుటకు చోటు లేకపోలేదు. ఆమె గానమును గూర్చి వారు వ్రాసిన దానిని పాఠకులు ఆ సంగతి ఎరిగియే చదువవలెను.

ఆ 1941లోనే అణ్ణామలై విశ్వవిద్యాలయ సమావేశముతో తమిళ ఇసై ఉద్యమము ఊపందుకొనెను. తమిళదేశపు కచ్చేరీలలో తమిళ పాటలకు ప్రధాన స్థానము కావలెనని దాని కోరిక. 1943లో చెన్నపట్టణమున తమిళ ఇసై సంఘము వెలసెను. సంగీతపు ప్రమాణమే ముఖ్యము గాని భాష కాదని అకాడమీ పక్షము వాదించెను. కల్కిగారి కలము ఉద్యమమునకు అండయై నిలిచెను. తెలుగువారికి ఇది కష్టము కలిగించు ఘట్టమే. అయినను కల్కిగారు త్యాగరాజస్వామి మహిమను తక్కువ చేయలేదు. అర్థము తెలియక వినువానికి ఆ మహానుభావుని భక్తియు సగమే అందునని వారి వేదన. సాహిత్యము తెలియక పాడు గాయకుని నోట తెలుగు పలుకులు విరిగి నలుగుట విని నొచ్చుకొనిన తెలుగువారు ఆ వేదనను త్రోసివేయజాలరు. నాదమే చాలునను అకాడమీ వాదమునను సత్యము లేకపోలేదు. కాని అది సుశిక్షితమైన చెవికి చెందిన సత్యము. అటుపిమ్మట అరియక్కుడి రామానుజ అయ్యంగారుగారు ఆండాళ్ తిరుప్పావైకి రాగములు కూర్చగా, ఆ పాశురములు కచ్చేరీ వేదికపై స్థిరపడెను.

1945లో విడుదలైన మీరా చిత్రమునకు కల్కిగారు పాటలు వ్రాసిరి. గాలిలో తేలివచ్చు వేణుగానమును గూర్చిన పాట సుబ్బులక్ష్మిగారి కంఠమున తమిళదేశమంతటను మారుమ్రోగెను. ఇతరుల పాటలను తూచినవాడు తన పాటను తూకమునకు పెట్టిన సందర్భమది.

1954 డిసెంబరు 5వ తేదీన, ధనుర్మాసమునకు ఇంక కొలది దినములుండగా, ఏబదియైదవ యేట వారు పరమపదించిరి. ఆ యేటి సంగీత ఋతువునకు కర్ణాటకం లేడు. వారు మెచ్చిన ఆ గాయని 1963లో శ్రీ వేంకటేశ్వర సుప్రభాతమును రికార్డుగా నొసంగెను. 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానములకై అన్నమాచార్యుని తెలుగు సంకీర్తనలను నేదునూరి కృష్ణమూర్తిగారి వద్ద అభ్యసించి గానము చేసెను.