ఆచార్య డుబోయిస్: అసమానతపై విద్యాపీఠంలో జరిపిన విచారణ

మానవుల మధ్య కనిపించే అసమానతలకు మూలం పుట్టుకలో ఉన్నదా, సమాజ వ్యవస్థలో ఉన్నదా అన్న ప్రశ్నను విశ్వవిద్యాలయ వేదికపైకి తెచ్చి, ఊహలతో గాక లెక్కలతో సమాధానం వెదికిన మహనీయులలో విలియం ఎడ్వర్డ్ బర్గార్ట్ డుబోయిస్ అగ్రగణ్యులు.

ఆయన 1868 ఫిబ్రవరి 23న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. పసితనంలోనే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళగా, నల్లజాతికి చెందిన ఆ పేదతల్లి కుమారుని చదువునే ఆశగా చేసుకొని జీవించింది. ఆమె మరణానంతరం చర్చిలవారు సమకూర్చిన చందాలతో ఆయన 1885లో నాష్‌విల్ నగరంలోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చేరారు. సెలవులలో టెనెస్సీ పల్లెలకు వెళ్ళి పిల్లలకు చదువు చెప్పారు. ఒకనాడు మొక్కజొన్న నిలవచేసిన దుంగల కొట్టమే ఆ బడి. తదుపరి హార్వర్డ్‌లోను, బెర్లిన్‌లోను విద్యాభ్యాసం సాగించి, 1895లో హార్వర్డ్ నుండి డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడిగా చరిత్రకెక్కారు.

1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఫిలడెల్ఫియా నల్లజాతివారి స్థితిగతులను పరిశీలించడానికి ఆయనను నియమించినది గాని, తరగతిలో పాఠం చెప్పే అవకాశం మాత్రం ఇవ్వలేదు. ఆయన నిరుత్సాహపడక గడప గడపకూ తిరిగి వేలాది కుటుంబాల వివరాలు సేకరించారు. 1899లో వెలువడిన ఆ గ్రంథం సమాజశాస్త్రంలో మార్గదర్శకంగా నిలిచింది.

1897లో ఆయన జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. తెల్లవారైన అధ్యాపకుల పిల్లలు నల్లజాతి విద్యార్థులతో కలిసి చదవరాదని ప్రభుత్వం పట్టుబట్టగా, అందుకు అంగీకరించక 1887లో ఏటా అందే 8,000 డాలర్ల సహాయాన్ని వదులుకున్న సంస్థ అది. అక్కడ 1896లో ఆరంభమైన వార్షిక సదస్సుల నిర్వహణ ఆయన చేపట్టారు. ఏడాదికొక విషయం చొప్పున వ్యాపారం, ఉన్నత విద్య, సామాన్య పాఠశాలలు, చేతివృత్తులు, చర్చి మొదలైన అంశాలను తీసుకొని, వివిధ ప్రాంతాలలోని పట్టభద్రుల ద్వారా వివరాలు తెప్పించి, సభలో చర్చించి, నివేదికలుగా ప్రచురించేవారు. నల్లజాతివారిలో మరణాలు అధికంగా ఉండటానికి వారి శరీర తత్వమే కారణమని పలువురు పండితులు వాదిస్తున్న రోజులవి. అందుకు కారణం జాతి గాదనీ, పేదరికం, ఇరుకిళ్ళు, అపరిశుభ్రతలేననీ 1906 నాటి సదస్సు నిరూపించ పూనుకొన్నది. ప్రఖ్యాత మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్ ఆ సంవత్సరం అట్లాంటాకు వచ్చి పాల్గొన్నారు.

సత్యాన్ని తెలియజేస్తే లోకం మారుతుందని డుబోయిస్ తొలుత నమ్మారు. 1899 ఏప్రిల్‌లో సామ్ హోస్ అనే నల్లజాతి కూలీని జార్జియాలో ఒక మూక సజీవదహనం చేసింది. ఆ విషయమై పత్రికా కార్యాలయానికి ఒక లేఖ తీసుకొని బయలుదేరిన ఆయన, మృతుని అవశేషాలను ఒక దుకాణంలో ప్రదర్శనకు ఉంచారని విని వెనుదిరిగారు. మరుసటి నెలలోనే ఏకైక కుమారుడు గొంతువాపు రోగంతో కన్నుమూశాడు. 1906 సెప్టెంబరులో అట్లాంటా వీధులలోనే నల్లజాతివారిపై హత్యాకాండ జరిగింది. శాస్త్రపరిశోధన ఒక్కటే చాలదని గ్రహించి, తాను 1909లో స్థాపనకు తోడ్పడిన నల్లజాతి అభ్యుదయ సంఘం పనికై 1910లో ఆచార్య పదవి విడిచి న్యూయార్కు చేరి, ‘ది క్రైసిస్’ పత్రికను ఇరవై నాలుగేళ్ళు నడిపారు. అయినను పరిశోధనను విడనాడలేదు. 1934లో తిరిగి అట్లాంటాకు వచ్చి మరో దశాబ్దం బోధించారు.

1946లో డాక్టర్ అంబేద్కర్ ఆయనకు లేఖ వ్రాసి, ఐక్యరాజ్యసమితికి అమెరికా నల్లజాతివారు సమర్పించిన విజ్ఞప్తి ప్రతులను కోరారు. డుబోయిస్ భారత దళితుల పట్ల సానుభూతి తెలుపుతూ సమాధానమిచ్చారు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయ సదస్సులో కులవ్యవస్థపై పత్రం చదివిన అంబేద్కర్‌కు ఆ మార్గం కొత్తది కాదు.

వృద్ధాప్యంలో ప్రభుత్వ విచారణను, ప్రయాణ నిషేధాన్ని ఎదుర్కొని, 1961లో ఘనా దేశానికి తరలివెళ్ళి, 1963 ఆగస్టు 27న అక్రా నగరంలో 95 ఏళ్ళ వయసులో పరమపదించారు. మరునాడు వాషింగ్టన్‌లో పౌరహక్కులకై సమావేశమైన లక్షలాది జనులకు ఆ వార్తను వేదికపై నుండి తెలిపారు. పదమూడేళ్ళపాటు ఒక పేద విశ్వవిద్యాలయంలో ఆయన కూర్చిన నివేదికలు జాతిహీనతా వాదాన్ని ఖండించడానికి తరువాతి తరాలకు ఆధారమైనవి. విద్యాలయం ధర్మం పట్టాలు ఇవ్వడంతో ముగియదనీ, తన చుట్టూ ఉన్న అన్యాయాన్ని నిర్భయంగా విచారించడం కూడా అందులో భాగమేననీ ఆయన జీవితం బోధిస్తున్నది.