చీకటిలో అక్షరదీపం – లూయిస్ బ్రెయిలీ



పదేళ్ల వయసులో అమ్మానాన్నలను విడిచి, ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్ గడప తొక్కిన పిల్లవాడి మనసు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనమందరం ఆ రోజు చూసినవాళ్లమే. 200 ఏళ్ల క్రితం ఫ్రాన్స్ దేశంలో ఒక పిల్లవాడు అలాగే ఒక హాస్టల్లో చేరాడు. అతనికి రెండు కళ్లూ లేవు. హాస్టల్లో ఉంటూనే, పదిహేనేళ్లు నిండేసరికి, ప్రపంచంలోని అంధులందరికీ చదువు చెప్పే లిపిని తయారుచేశాడు. ఆ మహనీయుడే లూయిస్ బ్రెయిలీ.

లూయిస్ 1809 జనవరి 4న పారిస్ నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కూప్‌వ్రే అనే పల్లెటూరిలో జన్మించాడు. తండ్రి సైమన్ రెనే తోలు పనివాడు. గుర్రాలకు జీనులు, కళ్లాలు కుట్టి కుటుంబాన్ని పోషించేవాడు. తల్లి మోనిక్. నలుగురు సంతానంలో లూయిస్ ఆఖరివాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిచేసే కొట్టంలో ఆడుకుంటూ, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె చేతికి తీసుకున్నాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. ఆ రోజుల్లో సరైన మందులు లేవు. పుండు చీము పట్టి రెండో కంటికీ పాకింది. అయిదేళ్లు వచ్చేసరికి ఆ పసివాడికి లోకమంతా చీకటైపోయింది.

ఆ కాలంలో పేద ఇంటి గుడ్డిపిల్లలకు భిక్షాటన తప్ప వేరే దారి ఉండేది కాదు. కానీ లూయిస్ తల్లిదండ్రులు కొడుకును మూలన కూర్చోబెట్టలేదు. తండ్రి చేతికర్ర చేసి ఇచ్చి ఊరంతా తిరగడం నేర్పాడు. ఊరి చర్చి ఫాదర్ పాఠాలు చెప్పాడు. ఊరి బడి పంతులు కళ్లున్న పిల్లల మధ్యనే కూర్చోబెట్టుకున్నాడు. లూయిస్ విన్నది విన్నట్టు అప్పజెప్పేవాడు. అయితే చదవడం, రాయడం మాత్రం కుదరలేదు. చెవికి అందిన చదువు చేతికి అందలేదు.

1819 ఫిబ్రవరిలో పారిస్‌లోని రాయల్ అంధ బాలల విద్యాలయంలో లూయిస్‌కు సీటు వచ్చింది. అంధుల కోసం ప్రపంచంలో మొట్టమొదట వెలసిన బడి అది. వాలెంటిన్ హావీ అనే దయామయుడు 1780ల్లో స్థాపించాడు. పేరు గొప్పదేగానీ భవనం పాతది. గోడలు చెమ్మ, గదులు చీకటి. లూయిస్‌ను చివరికి బలిగొన్న క్షయ వ్యాధి ఆ చెమ్మ భవనంలోనే అంటుకుని ఉంటుందని ఆయన జీవితం రాసినవారు భావిస్తారు.

ఆ బడిలో పుస్తకాలు ఉన్నాయి. కానీ అవి మామూలు అక్షరాలనే దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తినవి. ఒక్కో అక్షరాన్నీ వేలితో చుట్టూ తడిమి పోల్చుకోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవారు. పుస్తకం మోయలేనంత బరువు, కొనలేనంత ఖరీదు. పైగా ఆ అక్షరాలను అంధులు తమంతట తాము రాసుకోలేరు. హావీ మనసు మంచిదే. కానీ ఆయన కంటి కోసం పుట్టిన అక్షరాన్నే వేలికి ఇచ్చారు. మిత్రులారా, ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో మనకు పని ఉంది.

1821లో చార్లెస్ బార్బియర్ అనే మాజీ సైనికాధికారి తాను తయారుచేసిన చుక్కల రాతను ఆ బడికి తెచ్చాడు. ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల వరకు ఉండేవి. అన్ని చుక్కలు ఒక్క వేలికొన కిందికి రావు. పైగా అది శబ్దాల రాతే గానీ అక్షరాల రాత కాదు. స్పెల్లింగు లేదు, విరామ చిహ్నాలు లేవు, అంకెలు లేవు. అయినా చుక్కను వేలు ఇట్టే పట్టుకుంటుందన్న సంగతి పన్నెండేళ్ల లూయిస్‌కు అర్థమైంది. అప్పటి నుండి మిగతా పిల్లలు నిద్రపోయాక, సెలవులకు ఇంటికి వెళ్లినపుడు కూడా, కాగితం మీద చుక్కలు పొడుస్తూ కూర్చునేవాడు. చుక్కలు పొడిచే ఆ సాధనం ఏమిటో తెలుసా? తన కళ్లు పోగొట్టిన ఆరె లాంటి సూదిమొన పనిముట్టే!

1824 నాటికి లిపి చాలావరకు సిద్ధమైంది. పన్నెండు చుక్కలను ఆరుకు కుదించాడు. పాచిక మీద ఆరు ఎలా ఉంటుందో అలా, రెండు నిలువు వరసల్లో మూడేసి చుక్కలు. ఆరూ ఒక్క వేలికొన కింద ఒక్కసారే ఇమిడిపోతాయి. ఏ చుక్క ఉంది, ఏది లేదు అన్న తేడాతోనే 63 గుర్తులు వస్తాయి. అక్షరాలు, అంకెలు, విరామాలు, సంగీత స్వరాలు అన్నీ అందులోనే. 1829లో ఈ లిపిని వివరిస్తూ పుస్తకం వెలువరించారు. 1837లో దాన్ని మరింత మెరుగుపరిచారు.

చదివిన బడిలోనే ఆయన 1833లో పూర్తిస్థాయి ఉపాధ్యాయులయ్యారు. చర్చిలో ఆర్గన్ వాయించేవారు. ఆయనకు ఇంకో చింత ఉండేది. అంధులు చుక్కల్లో రాస్తే ఇంటి దగ్గర అమ్మానాన్నలు చదవలేరు కదా! అందుకని 1839లో చుక్కలతోనే మామూలు అక్షరాల ఆకారం వచ్చే పద్ధతి కనిపెట్టారు. ఫూకో అనే మరో అంధ మిత్రుడు 1841లో దానికి యంత్రం తయారుచేశాడు. ఇంటికి ఉత్తరం రాసుకోవాలన్న హాస్టల్ పిల్లవాడి ఆరాటం నుండే ఆ యంత్రం పుట్టింది.

ఇంత చేసినా పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. 1840లో బడికి కొత్త డైరెక్టర్ వచ్చాడు. కళ్లున్నవారు చదవలేని లిపి అంధులను వేరు చేస్తుందని ఆయన వాదన. చుక్కల లిపిని నిషేధించి, పాత పుస్తకాలు తగలబెట్టించినట్టు బ్రెయిలీ జీవితచరిత్రల్లో ఉంది. అయితే పిల్లలు మానలేదు. దొరికిన మొనదేలిన వస్తువుతో రహస్యంగా రాసుకున్నారు, చిన్నవాళ్లకు పెద్దవాళ్లు నేర్పారు. చివరికి డైరెక్టరే మెత్తబడక తప్పలేదు. 1844లో కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరి ఎదుట ఆ లిపిని ప్రదర్శించారు. ఒక హాస్టల్ పిల్లలు పట్టుబట్టి నిలబెట్టుకున్న లిపి అది.

క్షయ వ్యాధితో బ్రెయిలీ 1852 జనవరి 6న, 43 ఏళ్లకే కన్నుమూశారు. తెరవకుండా కాల్చేయమని ఆయన అప్పగించిన ఒక పెట్టెలో, విద్యార్థులు ఆయన దగ్గర తీసుకున్న అప్పుల చీటీలు ఉన్నాయని చెబుతారు. ఆయన పోయిన రెండేళ్లకు, 1854లో, ఆ లిపిని ఫ్రాన్స్ అధికారికంగా స్వీకరించింది. 1951లో మన దేశ భాషలన్నిటికీ ఒకే చుక్కల పద్ధతిగా భారతి బ్రెయిలీ ఏర్పడింది. తెలుగు అక్షరం కూడా అందులో చేరింది. మన ‘అ’ ఒక్క చుక్క. ‘క’ రెండు చుక్కలు. 1952లో ఆయన అస్థికలను ఫ్రాన్స్ మహనీయుల మందిరమైన పాంథియోన్‌కు తరలించారు. చేతులను మాత్రం సొంత ఊరిలోనే ఉంచారు. 2009లో ఆయన ద్విశతాబ్ది సందర్భంగా మన ప్రభుత్వం రెండు రూపాయల నాణెం విడుదల చేసింది.

మిత్రులారా! ఈ కథ మనకెందుకు అంటారా? మన హాస్టల్లో చదివిన ఎందరో నేడు హైదరాబాద్, బెంగుళూరులలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. ఇప్పుడు ఉన్నవారిలో చాలామంది ఆ దారిలోనే వెళ్తారు. అంధులు కంప్యూటర్ వాడటానికి స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఉంది. తెర మీది రాతను పైకి చదివి వినిపిస్తుంది. బ్రెయిలీ డిస్‌ప్లే తగిలిస్తే చుక్కలుగా వేలికీ అందిస్తుంది. 2006లో మొదలైన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకులు ఇద్దరూ అంధులే. బ్రెయిలీలాగే తమ అవసరం తామే తీర్చుకున్నారు.

కానీ ఆ స్క్రీన్ రీడర్ కూడా మనం రాసిపెట్టినదే చదవగలదు. ఒక సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకంలో తెర ఫోటోలు మాత్రమే పెట్టి, పక్కన వివరణ రాయకపోతే అది మౌనంగా దాటిపోతుంది. కుడివైపు ఎర్ర బటన్ నొక్కమని రాస్తే రంగు చూడలేనివాడు ఏం నొక్కుతాడు? బటన్ పేరు, కీబోర్డు మీద నొక్కాల్సిన కీ రాయాలి. అక్షరాలు లావు చేసినంత మాత్రాన శీర్షిక అయిపోదు. శీర్షికగా గుర్తు పెడితేనే అంధుడు కావలసిన చోటికి ఒక్క దూకులో వెళ్లగలడు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు మన కంటికి తెలుగే. కంప్యూటర్ లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. యూనికోడ్‌లో కొడితేనే అది తెలుగుగా వినిపిస్తుంది. కంటి అక్షరాన్నే వేలికి ఇచ్చిన హావీ పొరపాటు మనం మళ్లీ చేయకూడదు. రాసింది ఒకసారి అంధ మిత్రుడి చేత చదివించుకుంటే చాలు, ఎక్కడ తప్పామో అతనే చెబుతాడు.

ఇదేదో దూరదేశపు సంగతి కాదు. మన మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుకతోనే అంధుడైన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. పాఠాలను ఆడియోగా మార్చి ఇచ్చాక, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగి వచ్చి, హైదరాబాద్‌లో బొల్లాంట్ పరిశ్రమ స్థాపించి వికలాంగులకు ఉపాధి కల్పించారు. లోపం ఆయన తెలివిలో ఏనాడూ లేదు. పాఠం ఆయనకు అందే రూపంలో లేకపోవడమే లోపం.

మెస్ బిల్లు కట్టలేని ఇళ్ల నుండి వచ్చిన మనకు, ప్రభుత్వం పెట్టిన అన్నంతో పుస్తకం అందింది. మనకు అందిన అక్షరాన్ని అందనివారికి అందించడమే ఆ మహనీయునికి మనమిచ్చే నిజమైన నివాళి. ఆ మొదలు మన హాస్టల్ నుండే కావాలి. వచ్చే ఏడు ఈ వార్షిక సంచికను యూనికోడ్‌లో కూర్చి, బొమ్మలన్నిటికీ వివరణ రాసి, ఒక ప్రతిని మన జిల్లాలోని అంధ విద్యార్థులు వినేలా తయారుచేద్దాం. ఆ పనికి పూర్వ విద్యార్థులందరూ ముందుకు రావాలని కోరుతూ సెలవు.