సుబ్బారావుగారి బంగారు వన్నె మందు

1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్ననాటికి, యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో మూడేళ్ళు నిండని పసిబిడ్డ. రాస్ పేరు ఈ ఊళ్ళో అందరూ ఎరుగుదురు. సుబ్బారావుగారి ప్రయోగశాల మందు మింగినవారిలో ఆయన పేరు విన్నవారు అరుదు.

1895 జనవరి 12న పుట్టిన ఆయన చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొన్నారు. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొన్నారు. సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో మరణించినారు. నోటిపూతతో, విరేచనాలతో మనిషిని శుష్కింపజేసే జబ్బు అది. ఆ దుఃఖం మోసుకొని 1922లో బోస్టన్ చేరినారు. మరల స్వదేశం చూడలేదు. ఆ జబ్బుకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే కృత్రిమంగా తయారుచేసినది.

లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పరిశోధనాధిపతిగా ఉన్నప్పుడే, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను రాబట్టినాడు. బంగారు వన్నె గనుక ఆ పేరు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది తొలిచూలు. 1948లో అది లోకానికి వెల్లడైనది. ఆ యేడే ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావుగారు కన్నుమూసినారు.

ఇక చిగుళ్ళ మాట. నోటిలో వందల జాతుల సూక్ష్మజీవులు కాపురముంటవి, పెక్కు నిరపాయములే. పంటికీ చిగురుకూ నడుమ సన్నని సందులో పాచి నిలిచినప్పుడు, గాలి సోకని ఆ చోట వేరే జాతులు బలుస్తవి. చిగురు ఎర్రబడి, వాచి, నెత్తురు కారుతుంది. ముదిరితే పంటిని పట్టి నిలిపే ఎముకయే కరుగుతుంది. విచిత్రమేమంటే, ఈ విధ్వంసం చాలావరకు క్రిములు చేసినది కాదు. వాటితో పోరాడుతూ మన శరీరమే వదలిన ఎంజైములది. టెట్రాసైక్లిన్ ఆ సందులోని ద్రవంలో చేరి క్రిముల పెరుగుదలను ఆపుతుంది. అంతేకాదు, చిగురును బిగించే కొల్లాజెన్ పీచును కొరికే ఆ ఎంజైములనూ అణచునని 1980లలో తేలినది. అందుచేతనే ఆ కుటుంబపు డాక్సీసైక్లిన్‌ను, క్రిములకు తగలనంత చిన్న మోతాదులో, 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు వాడుటకు 1998లో అమెరికా అనుమతించినది. దంతవైద్యుడు గార తీయనిదే మందు ఒక్కటే చాలదు. అది తోడు మాత్రమే.

ఎనిమిదేళ్ళలోపు పిల్లలకూ గర్భిణులకూ టెట్రాసైక్లిన్‌ను సాధారణంగా ఈయరు. ఎదిగే పళ్ళలో అది ఇంకి పసుపు మరక వేస్తుంది. ఎంత తోమినా ఆ మరక పోదు.