త్రాగుబోతును వెదకిన త్రాగుబోతు

ధ్యానము కొరకు: 2 కొరింథీ. 1:3-7

త్రాగుడు మానవలెనని నిజముగా కోరుకొను సహోదరులు మన గ్రామ సంఘములలో లేకపోలేదు. ఎవరితో చెప్పుకొనవలెనో వారికి తెలియదు. గుడిలో చెప్పుకొనుటకు సిగ్గు. ఇంటిలో చెప్పిన మాట ఇక ఎవరును నమ్మరు. అట్టివారిని తలంచుకొని ఈ నెల బిల్ విల్సన్ అను అమెరికా దేశస్థుని చరిత్ర వ్రాయుచున్నాము.

ఈయన 1895 నవంబరు 26వ తేదీన వెర్మాంటు రాష్ట్రమందలి ఈస్ట్ డార్సెట్ అను చిన్న ఊరిలో పుట్టెను. తలిదండ్రులు విడిపోగా తల్లివైపు తాతయు అమ్మమ్మయు పెంచిరి. 1917లో సైన్యములో నుండగా ఒక విందులో త్రాగుట మొదలుపెట్టెను. పుట్టు బిడియస్థుడగుటచేత, నాలుక కట్టు విడిచిన ఆ గ్లాసును మేలుచేయునదిగా భావించెను. 1918లో లోయిస్ అను వైద్యుని కుమార్తెను వివాహమాడెను. తరువాత న్యూయార్కులో షేర్ల వ్యాపారములో బాగుగా గడించెను గాని, గడించినదంతయు పోయెను. మామగారి ఇల్లే నీడయ్యెను. భార్య పెద్ద దుకాణములో పనిచేసి తెచ్చిన జీతముతో పొయ్యి వెలిగెను. ఇక త్రాగనని కుటుంబపు బైబిలులో తన చేతితో వ్రాసి ఇచ్చెను. ఒక్కమారు కాదు. ఆ వ్రాతలను చూచుకొనుచు ఆమె ఎన్ని రాత్రులు గడిపెనో మన స్త్రీలకు మేము చెప్పనక్కరలేదు.

1934 చివర తన పాత త్రాగుడు స్నేహితుడొకడు త్రాగకుండ వచ్చి, దేవుని సహాయముచేత మానితినని చెప్పెను. (ఆ స్నేహితుడు తరువాత పలుమారులు పడిపోయెను, అయినను తనను మొదట లేపినవాడని విల్సన్ అతనిని కడవరకు గౌరవించెను.) ఆ డిశంబరులో విల్సన్ ఆసుపత్రిలో చేరి, గది నడుమ దేవునికి మొఱ్ఱపెట్టెను. నాటినుండి మరణమువరకు, అనగా 36 సంవత్సరములు, ఆయన త్రాగలేదు.

మేము ముఖ్యముగా చెప్పగోరినది తరువాతి సంగతి. ఆ ఉత్సాహములో ఆయన అయిదారు నెలలు త్రాగుబోతుల వెంటపడి బోధించెను. ఒక్కడును మానలేదు. బోధ తగ్గించి, ఇది శరీరమును పట్టి పీడించు వ్యాధి యని ముందు చెప్పుమని డాక్టరు సిల్క్‌వర్త్ ఆయనకు బుద్ధి చెప్పెను. బోధకులమైన మేము కూడ ఆ మాట వినవలసినదే.

1935 మే నెలలో ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ పట్టణమునకు వ్యాపారము మీద వెళ్లెను. ఆ పని చెడెను. జేబులో పది డాలర్లు మాత్రమున్నవి. శనివారము సాయంకాలము హోటలు వసారాలో ఒంటరిగా అటునిటు తిరుగుచుండెను. ఒక ప్రక్క మద్యశాలలోనుండి నవ్వులు వినబడుచున్నవి. మరియొక ప్రక్క ఆ ఊరి సంఘముల పేర్లున్న పట్టిక గోడకు వ్రేలాడుచున్నది. తాను నిలువవలెనన్నచో మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని అప్పుడాయనకు తోచెను. పట్టికలోని ఒక పాదిరిగారికి టెలిఫోను చేసెను. ఆయన కొన్ని పేర్లిచ్చెను. వాటి వెంట పోగాపోగా హెన్రియెటా సైబర్లింగ్ అను భక్తురాలు దొరికెను. త్రాగుడుచే చెడిపోవుచున్న ఒక శస్త్రవైద్యుని కొరకు ఆమె అదివరకే ప్రార్థించుచుండెను.

ఆయన డాక్టరు రాబర్ట్ స్మిత్. ఆ శనివారము లేవలేని స్థితిలో నుండెను. మరునాడు, మే 12న, పదిహేను నిమిషములకు మించి ఉండనని చెప్పి వచ్చెను. రాత్రి పదకొండు దాటువరకు కూర్చుండెను. విల్సన్ బోధింపలేదు. తాను పడిన గోతిని వర్ణించెను. తన వ్యాధిని అనుభవముచేత ఎరిగి మాటలాడిన మొదటి మనుష్యుని డాక్టరుగారు ఆ రాత్రి చూచెను.

అయినను ఒక సమావేశమునకు వెళ్లి మరల త్రాగి వచ్చెను. శస్త్రచికిత్స చేయవలసిన దినమున చేతులు వణకుచుండగా, విల్సనే ఆయనకు ఒక బీరు సీసా ఇచ్చి ఆసుపత్రికి పంపెను. మన చదువరులలో కొందరికి ఇది అభ్యంతరము కావచ్చును. కాని బహుకాలము త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల వణకు, మూర్ఛలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగును. కనుక వైద్యుని చూచి మానవలెను. డాక్టరు స్మిత్ కడపటిగా త్రాగినది 1935 జూన్ 10 యని ఆ సహవాసమువారు లెక్కింతురు. వెంటనే ఇరువురును ఆసుపత్రిలో మంచమునకు కట్టబడిన మూడవవానియొద్దకు వెళ్లిరి. అతడును మానెను.

ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సహవాసము ఇట్లు మొదలయ్యెను. దాని కూటములలో చందా లేదు. పూర్తి పేరు అడుగరు. మానవలెనను కోరిక చాలును. ఒక్కొక్కరు తమ సంగతి చెప్పుకొందురు, మిగిలినవారు విందురు. ఇంటివారి కొరకు లోయిస్ 1951లో ఆల్-అనాన్ అను వేరు సహవాసమును మరియొక స్త్రీతో కూడ స్థాపించెను. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి మన పట్టణములలోను త్రాగుడు మానువారి కూటములున్నవి. త్రాగుడు మాన్పించు వైద్యశాలలలో అడిగి తెలిసికొనవచ్చును. 14446 అను ప్రభుత్వ నెంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. మొదటిసారి ఒంటరిగా పోవుటకు జంకువారితో సంఘపెద్ద ఒకరు వాకిలివరకు నడిచిన మంచిది.

విల్సన్ నిర్దోషియని మేము చెప్పము. త్రాగుడు మానెనే గాని పొగ చాలకాలము మానలేకపోయెను. ఊపిరితిత్తుల జబ్బుతో 1971 జనవరి 24న, తమ పెండ్లి దినముననే, కన్నుమూసెను. ఈస్ట్ డార్సెట్‌లోని ఆయన సమాధిరాతి మీద సైన్యములో చేసిన సేవ ఉన్నది గాని, ఈ సహవాసము మాట లేదు.